నాలుగు వేళ్ళ వెలితి

సిలాసు కాలికి గొలుసు వేశారు.

కడుపు మీద పద్దెనిమిది కుట్లు, కుడికంటి మీద దూది కట్టు, ముక్కులో గొట్టం. తనంతట తాను పక్కకి ఒత్తిగిలలేని మనిషి. ఆ మనిషి ఎడమకాలికి సంకెల తగిలించి, రెండో కొసని మంచం కోడుకి వేసి తాళం బిగించారు. పక్కన స్టూలు మీద ఒక కానిస్టేబులు కూర్చుని ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. ఫరీదాబాదులో, ఆస్పత్రి మగవాళ్ళ వార్డులో, శనివారం పొద్దున పదకొండు గంటలకి నేను దీన్ని నా కళ్ళతో చూశాను.

"ఏం తప్పు చేశాడయ్యా?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. నాకు భయం వేసింది. ఆ రోజే కాదు, ఇందులో చెప్పబోయే అన్ని రోజులూ నేను భయపడుతూనే ఉన్నాను. ధైర్యవంతుల కథ కావాలంటే వేరేచోట వెతుక్కోండి. వణుకుతున్న మనుషులు ఏం చెయ్యగలరో తెలుసుకోవాలనుకునే కార్మికులు, చదువుకునే పిల్లలు ఉంటే, మీకోసమే చెబుతున్నాను.

నా పేరు సుభద్ర. మాది కొండపల్లి. బొమ్మలకి రంగులేసే ఇల్లు మాది. పన్నెండేళ్ళ కిందట ఢిల్లీ పక్కన సూరజ్‌కుండ్ చేతిపనుల మేళాలో బొమ్మలు అమ్ముకుందామని మా ఆయనతో కలిసి వచ్చాను. మా దుకాణం ముందు ఒకాయన ఆగి, "ఏ ఊరమ్మా మనది?" అని తెలుగులో పలకరించాడు. ఆ ఒక్క పలకరింపుకే మేం పడిపోయాం. అతనే శివరామకృష్ణ, లేబరు కాంట్రాక్టరు. భార్యకి ప్రభుత్వోద్యోగం, ఢిల్లీ సరోజినీ నగర్లో క్వార్టరు. ఏటా మేళాకి వచ్చి, కర్రపని, రంగుపని తెలిసినవాళ్ళని ఏరుకుని, ఫరీదాబాదులో ఒక సేఠ్ నడిపే షెడ్డుకి తోలుకుపోవడం అతని వ్యాపారం. ఏలూరు దగ్గర్నుంచి సిలాసుని అలాగే తెచ్చాడు. చీరాల నుంచి కోటయ్య బాబాయిని అలాగే తెచ్చాడు. మా ఆయన నాలుగేళ్ళ కిందట కామెర్లతో పోయాడు. నాకు మిగిలింది మా భవ్యశ్రీ. ఇంటరు చదువుతోంది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది.

షెడ్డులో నలభై ఒక్కమందిమి. మా పని పాత తుపాకులకి కొత్త మెరుపు తేవడం. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరే నూరేళ్ళనాటి తుపాకులు. రాజస్థాన్ హవేలీల నుంచి గోనెపట్టాల్లో చుట్టుకుని వస్తాయి. తుప్పు పట్టి, చెదలు తిని, తేళ్ళు కాపురాలు పెట్టి వస్తాయి. మేం కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు గీకుతాం. విరిగిన కర్రకి అతుకు ఎక్కడుందో తెలియకుండా అతుకు వేస్తాం. అవిసె నూనె పోసి ఉత్త అరచేత్తో రుద్దుతాం. కోటయ్య బాబాయి రుద్దితే కర్రలో నరాలు ఒక్కొక్కటీ పైకి తేలతాయి. అవి పెద్ద హోటళ్ళ గోడలకీ ఫార్మ్‌హౌసుల హాళ్ళకీ పోతాయి. అందంగా ఉంటాయి. ఆ అందం మా చేతులదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

గోనె విప్పే మొదటి బల్ల నాది. ఏ తుపాకీ వచ్చినా నేను ముందు ఇనప కడ్డీ తీసుకుని మూతిలోంచి లోపలికి వదులుతాను. అది అడుగున తగిలాక, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టుకుని, బయటికి లాగి గొట్టం పక్కన పెట్టి చూస్తాను. కడ్డీ కొస కింద నిప్పంటించే రంధ్రం దాకా వచ్చిందంటే గొట్టం ఖాళీ. రాలేదంటే లోపల ఏదో ఉంది. గుడ్డపేలిక కావచ్చు, కందిరీగల గూడు కావచ్చు, తాతలనాడు ఎవరో కూరి వదిలేసిన మందు కావచ్చు. నూరేళ్ళైనా మందు మందే. అలాంటిదాన్ని పక్కన పెట్టి, నీళ్ళు పోసి రెండు రోజులు నానబెట్టి, మరమేకు కడ్డీతో లోపలిది బయటికి లాగాలి. ఖాళీ అని తేలితే కర్ర మీద సుద్దముక్కతో సున్నా చుడతాను. సున్నా ఉంటేనే తర్వాతి బల్లవాళ్ళు ముట్టుకుంటారు. సున్నా చూశాక మళ్ళీ ఎవరూ కొలవరు. కొలిస్తే మొదటి బల్లవాళ్ళ పని మీద నమ్మకం లేదని మొహం మీద అన్నట్టు. అది మా షెడ్డు మర్యాద. ఆ మర్యాదే సిలాసు కన్ను తీసింది.

ఆ తుపాకీ గురువారం సాయంత్రం వచ్చింది. మిగతావాటి సంగతి వేరు, దీని సంగతి వేరు. ఎవరో పెద్ద కామందు ఇంట్లో ఆదివారం పెళ్ళి. ముత్తాత తుపాకీని బరాత్ ఊరేగింపు ముందు పేల్చాలని వాళ్ళ సరదా. గోడకి తగిలించే చచ్చిన తుపాకీని బతికించడానికి మా షెడ్డుకి లైసెన్సు లేదు. సేఠ్‌కి తెలుసు, శివరామకృష్ణకి తెలుసు, మాకూ తెలుసు. అడిగే ధైర్యం మాకు లేదు.

దాని నిప్పు రంధ్రం ఎప్పుడో ఇత్తడితో పూడ్చి పైన పూలచెక్కడం చేశారు. ఎక్కడుందో పైకి తెలియదు. కడ్డీ వదిలి పక్కన పెట్టి చూశాను. అలాంటి గొట్టాలు వందలు చూసిన చెయ్యి నాది. రంధ్రం ఉండాల్సిన చోటుకి నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది.

"నాలుగు వేళ్ళు వెలితి ఉంది, సార్. నానబెట్టాలి," అన్నాను శివరామకృష్ణతో.

"ఈ రకానికి గొట్టం అడుగున బిగించే మర పొడుగ్గా ఉంటుందమ్మా. నాకు తెలుసుగా. సున్నా చుట్టెయ్యి."

"రెండ్రోజులు..."

"ఆదివారం పెళ్ళి, సుభద్రా. రెండ్రోజులు నువ్విస్తావా, మీ సేఠ్ ఇస్తాడా?"

నేను సున్నా చుట్టాను.

శుక్రవారం పదకొండున్నరకి సిలాసు ఆ తుపాకీ అడుగు మర ఊడదీయబోయాడు. తుప్పుకి బిగుసుకుపోయింది. ఎప్పటిలాగే మంట పెట్టి వేడిచేశాడు. రేకు షెడ్డంతా ఒక్కసారి దద్దరిల్లింది. నేను బల్ల కిందికి దూరాను. పొగ తగ్గాక చూస్తే సిలాసు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో కడుపు పట్టుకుని, ఒక్క కన్నుతో నా వైపు చూసి, "ఏంటక్కా ఇది?" అన్నాడు.



సేఠ్ అంబులెన్సుకి ఫోను చేయడానికి ముందు వకీలుకి ఫోను చేశాడు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. సాయంత్రానికి కేసు రాశారు. పనివేళలో సిలాసు సొంతంగా నాటు తుపాకీ తయారుచేసుకుంటున్నాడట. ఎక్కడినుంచో మందు తెచ్చి అందులో కూరాడట. అది పేలిందట. ఆయుధాల చట్టం. పెళ్ళి లేదు, కామందు లేడు, సేఠ్ లేడు. అంతా సిలాసే.

శనివారం నేను ఆస్పత్రి నుంచి షెడ్డుకి వచ్చేసరికి శివరామకృష్ణ నాకోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కాగితం.

"చూడు సుభద్రా. గురువారం నువ్వు కొలిచినప్పుడు తుపాకీ ఖాళీగా ఉంది. అదీ నువ్వు చెప్పాల్సింది. సోమవారం పదింటికి ఎస్సై గారు వస్తారు. నువ్వు ముందు సంతకం పెడితే మిగతావాళ్ళు నీ వెనకే పెడతారు."

"కానీ ఖాళీగా లేదు కదా, సార్. మీకు చెప్పాను కదా."

"నాకా? ఎప్పుడు?" అతని గొంతు చాలా మెత్తగా ఉంది. "సున్నా ఎవరు చుట్టారమ్మా? నీ చెయ్యే కదా. మందున్న తుపాకీకి ఖాళీ అని గుర్తు పెట్టావంటే అది హత్యాప్రయత్నం కాదా? నీ మంచి కోరి నేను నోరు మూసుకుంటున్నాను. ఆడపిల్ల ఉంది ఇంట్లో. నువ్వు లోపలికి పోతే దాన్ని చూసేదెవరు?"

"సరే, సార్," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇంటికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాను. పక్కింట్లో కుక్కరు విజిలు వేస్తే ఉలిక్కిపడి లేచాను. "క్యా హువా, అమ్మా?" అంది భవ్యశ్రీ. ఏం లేదన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, తెలుగు ప్రార్థన జరిగే స్కూలు గదిలో, ప్రార్థన అయ్యాక మీటింగు పెట్టారు. మీటింగని పేరేగానీ, నలభైమందిమి, చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నాం. సిలాసు భార్య ఆనందకుమారి ముందు బెంచీలో కూర్చుంది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయా పని. మొగుడి దగ్గర రెండ్రోజులుగా నిలబడే ఉంది. ఢిల్లీలో, వసంత్ కుంజ్‌లో గది తీసుకుని లా చదువుతున్న శ్రుతి వచ్చింది. వరంగల్ అమ్మాయి. ఆదివారాలు మా బస్తీలో రేషన్ కార్డులవీ, పీఎఫ్‌వీ కాగితాలు రాసిపెడుతూ ఉండేది.

ముందు రాంబిలాస్ లేచాడు. బిహార్ మనిషి, మాతో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. గొట్టాలకి రంగు పట్టించే బల్ల అతనిది. "సాఫ్ చెబుతున్నా. నేను సంతకం పెడతా. నాకు ముగ్గురు పిల్లలు. సిలాసు భాయి మంచోడే. కానీ తుపాకీ కేసంటే మామూలు కేసా? మన మీద ఏ ముద్రైనా వేస్తారు. బెయిలు కూడా రాదు."

"నువ్వు పెడితే అందరూ పెట్టినట్టే కదరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"అయితే నువ్వు పెట్టకు! లోపలికి నువ్వెళ్ళు!"

గది గోలైపోయింది. కోటయ్య బాబాయి చెయ్యెత్తాడు. ఆయనెప్పుడూ గట్టిగా మాట్లాడడు. "పెడతాననలేను, పెట్టననలేను. నాకు అరవై రెండు. ఈ వయసులో లాఠీ తింటే లేవను. కానీ ఆ కుర్రాడు మందు తెచ్చాడని రాసిన కాగితం మీద సంతకం పెడితే అన్నం సయిస్తుందా? మీరెవరైనా చెప్పండి, నేను వింటాను."



శ్రుతి లేచింది. "నాకు గూడ భయమైతాంది, అందుకే సూటిగ అడుగుత. ఈ కేసు మొత్తం ఒక్క సవాలు మీద నిలబడ్డది. మందు ఏడికెళ్లి వచ్చింది? సిలాసన్న తెచ్చిండని వాళ్ళంటున్నరు. తుపాకీలనే ఉండెనని మనం చెప్పగలిగితే కేసు ఉండది. మరి ఉండెనా? ఎవరన్న చూసిన్రా?"

ఆనందకుమారి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"అక్కా, నువ్వే కదా కొలిచింది? ఏం చూశావు?"

నలభై మొహాలు నా వైపు తిరిగాయి. భవ్యశ్రీ కళ్ళముందు కనపడింది.

"ఖాళీయే," అన్నాను. "ఖాళీగానే ఉంది."

శ్రుతి రాసుకుంటున్న పెన్ను ఆపింది. "అక్కా, జర సోచాయించి చెప్పు. గురువారం ఖాళీగుండి, శుక్రవారం పేలిందంటే, నడుమల ఎవరో పోసినట్టే గద. అప్పుడు సిలాసన్నే పోసిండని మనమే రాసిచ్చినట్టయితది."

ఆ పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు. నన్ను నేను కాపాడుకోవడానికి ఒక్క అబద్ధం ఆడాననుకున్నాను. ఆ అబద్ధంతో సిలాసు రెండో కాలికి కూడా గొలుసు వేశాను. అయినా తల దించుకుని బెంచీ మీద ఏ పిల్లో గీసిన గీతల్ని చూస్తూ కూర్చున్నాను. ఆనందకుమారి మెల్లగా లేచి, "ఆయనకి పాలు పట్టే టైమైంది," అని వెళ్ళిపోయింది. మీటింగు ఏమీ తేల్చకుండానే ముగిసింది. బయటికి వస్తుంటే జనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సోమవారం పదింటికి షెడ్డు ముందు పెరట్లో మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టారు. ఎస్సై కుర్చీలో కూర్చున్నాడు. పక్కన టేబులు, దాని మీద కాగితం, ఇంకు డబ్బా. సేఠ్ కారులోంచి దిగలేదు. అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చున్నాడు. గేటు బయట ఆనందకుమారి, పక్కన శ్రుతి, సిలాసు వార్డులో పనిచేసే ఇద్దరు నర్సమ్మలు. వాచ్‌మన్ వాళ్ళని లోపలికి రానివ్వలేదు.

"సుభద్రమ్మా, రా," అన్నాడు శివరామకృష్ణ. ఎంత ప్రేమగా పిలిచాడో చెప్పలేను.

టేబులు దగ్గరికి వెళ్ళాను. కాగితం హిందీలో ఉంది. ఎస్సై చదివి వినిపించాడు. గురువారం తుపాకీ ఖాళీ. శుక్రవారం సిలాసు మందు పోయడం అందరం చూశాం. నా చెమటకి పెన్ను జారింది. శివరామకృష్ణ తీసి ఇచ్చాడు. మళ్ళీ జారింది.

"జల్దీ కరో," అని తొందరపెట్టాడు ఎస్సై.

అప్పుడు నాకు ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధం. రాలేదు. సంతకం పెడితే ఆ తర్వాతి రోజు ఎలా ఉంటుందో కళ్ళముందుకి వచ్చింది. పొద్దున్నే లేచి అదే బల్ల దగ్గర నిలబడి, ఇంకో తుపాకీలోకి కడ్డీ వదిలి, సున్నా చుట్టి, ఇంకెవరి చేతికో ఇవ్వాలి. వాళ్ళు కొలవకుండా తీసుకుంటారు. ఆ భయం ఈ భయం కన్నా పెద్దదిగా కనిపించింది.

"ఖాళీగా లేదు," అన్నాను హిందీలో. మళ్ళీ గట్టిగా అన్నాను. "నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. మందు తుపాకీలోనే వచ్చింది. నేను కొలిచాను. నానబెట్టాలన్నాను. ఈయన వద్దన్నాడు. పెళ్ళిలో పేల్చాలి, టైము లేదన్నాడు. నేను ఖాళీ అని సున్నా చుట్టాను. సిలాసు నా గుర్తుని నమ్మి మంట పెట్టాడు." తర్వాత గేటు వైపు తిరిగి అదంతా తెలుగులో చెప్పాను. ఆనందకుమారికి ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదని చెప్పాను.

ఆమె వాచ్‌మన్‌ని తోసుకుని లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. వచ్చి నా చెంప మీద కొట్టింది. రెండోసారి కూడా కొట్టింది. "నిన్న అడిగాను కదే నిన్ను! మొహం మీద అడిగాను కదే!" అంది. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"ఇది పిచ్చిది, సార్," అన్నాడు శివరామకృష్ణ ఎస్సైతో, నవ్వుతూ. "మొగుడు పోయిన దగ్గర్నుంచి ఇలాగే... కోటయ్యా, నువ్వు రా. నువ్వు పెట్టు."

కోటయ్య బాబాయి వరసలోంచి బయటికి వచ్చాడు. టేబులు దాకా రాలేదు. మధ్యలో ఆగాడు.

"పోయిన దసరాకి నా బల్ల మీదికొచ్చిన ఒక తుపాకీలోంచి నల్లగా పేలుడుమందు రాలింది," అన్నాడు. "ఈయనకి చూపించాను. మురుక్కాలవలో పారబొయ్యమన్నాడు. పోశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నే పట్టుకుంటారనుకున్నాను."

ఆయన మాట పూర్తికాకముందే రాంబిలాస్ గొంతు వినపడింది. నిన్న సంతకం పెడతానన్న రాంబిలాసే. "మై భీ, నేను కూడా," అన్నాడు. "హోలీకి ముందు. నా గొట్టం మూతిలోంచి సీసం గుండు పడింది. ఇంట్లో అటకమీద దాచాను. ఏడు నెల్లయింది, ఒక్క పూట కంటినిండా నిద్రపోలేదు."

ఇంకొకడు చెప్పాడు. ఇంకొకామె చెప్పింది. కొందరు ఏడుస్తూ చెప్పారు, కొందరు కోపంగా. అవన్నీ మా మొదటి బల్ల సున్నా దాటి పోయినవే. అప్పుడర్థమైంది నాకు. ఇన్నేళ్ళూ ఆ షెడ్డులో మేం నలభై ఒక్కమందిమి నలభై ఒక్క రహస్యాలు మోస్తున్నాం. ఎవరికి వాళ్ళం మేమే నేరస్థులమనుకున్నాం. ఒకరి తప్పు ఒకరికి తెలియకుండా దాచుకున్నాం. సేఠ్‌కి కావాల్సింది అదే. అన్నీ ఒకచోట పోస్తే అవి మా తప్పులు కావు, ఆ షెడ్డు నడిచే పద్ధతి. భయం మమ్మల్ని విడివిడిగా ఉంచినంతకాలం వాళ్ళకి గేటుకి తాళం కూడా అక్కర్లేకపోయింది.

"కాగితం ఇటివ్వండి, సార్, జరిగింది మేం రాస్తాం," అన్నాడు రాంబిలాస్. ఎస్సై ఇవ్వలేదు. అడిగిన రాంబిలాస్ అక్కడే నేల మీద కూర్చున్నాడు. అతని పక్కన కోటయ్య బాబాయి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. తర్వాత అందరూ కూర్చున్నారు. చాలామంది వణుకుతున్నారు. ఒకతను కూర్చోబోయి పక్కవాడి భుజం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కూర్చున్నవాళ్ళెవరూ లేవలేదు.

సేఠ్ కారు వెనక్కి తిరగబోయింది. గేటుకి అడ్డంగా నర్సమ్మలు, శ్రుతి నిలబడ్డారు. ఎస్సై సేఠ్ వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఎవరో ఒకర్ని తీసుకెళ్ళకుండా పోతే పరువు పోతుందని అతని మొహంలోనే కనిపించింది.

"నువ్వే ఒప్పుకున్నావుగా," అన్నాడు నాతో. "జీపెక్కు."

కానిస్టేబులమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. జనం లేచి జీపు చుట్టూ మూగారు. "ఆమెని తీసుకెళ్తే కాంట్రాక్టరునీ తీసుకెళ్ళు! సేఠ్‌నీ ఎక్కించు!" అని అరిచారు. నలుగురైదుగురు జీపు ముందు అడ్డంగా పడుకున్నారు. లాఠీలు లేచాయి. కోటయ్య బాబాయికి వీపు మీద దెబ్బ పడింది. పడ్డా ఆయన కింద పడలేదు. "శ్రుతీ, భవ్య ఒక్కతే ఉంటుంది!" అని అరిచాను నేను. "నా దగ్గరికి తీసుకపోత, అక్కా!" అని ఆ పిల్ల జవాబు అరిచింది. జీపు కదిలింది. వెనక కిటికీలోంచి చూస్తే, పక్క షెడ్ల గేట్ల దగ్గరికి బోల్టులు చేసేవాళ్ళు, రబ్బరు పనివాళ్ళు గుంపులుగా వచ్చి నిలబడి చూస్తున్నారు.

మంగళవారం పొద్దున ఠాణాలో, కటకటాల వెనక, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరుస్తామన్నారు. ఏమడుగుతారో, ఏం చెబితే ఏమవుతుందో తెలియదు. పదిన్నరకి కానిస్టేబులమ్మ తాళం గలగలలాడించి, "మీ మనిషి వచ్చింది," అంది.

ఆనందకుమారి. చేతిలో స్టీలు క్యారియరు. నిన్న నన్ను కొట్టిన చెయ్యే. ఊచల అవతల కూర్చుని, గిన్నెలు విడదీసి, ఉప్మా గిన్నె లోపలికి జరిపింది.

"సిలాసు గొలుసు తీసేశారు," అంది. "పొద్దున ఏడింటికి. స్టూలు మీద మనిషి కూడా లేచి వెళ్ళిపోయాడు."

నేను ఊచల దగ్గరికి జరిగాను.

"నీలాగే పంతొమ్మిదిమంది రాసిచ్చారు. ఎవరి తుపాకీలో ఏం చూశారో అంతా. శ్రుతికి తెలిసిన లాయరమ్మ రాత్రికి రాత్రే పట్టుకెళ్ళి పోలీసు పెద్దాఫీసర్ల దగ్గర పెట్టింది. రాంబిలాస్ ఆ సీసం గుండు కూడా తెచ్చి ఇచ్చాడు. ఇవ్వడానికి ముందు మూడుసార్లు వాంతి చేసుకున్నాడట. శివరామకృష్ణ ఇంటికి తాళం వేసుకుపోయాడు, వెతుకుతున్నారు. నిన్న రెండింటికి మన లైన్లో పదకొండు షెడ్లు మెషీన్లు ఆపేశాయి. వాళ్ళ దగ్గరా ఇలాంటివే ఉన్నాయట, చెప్పుకోనివి. 'పని చేసేవాళ్ళు భద్రమని చెబితేనే మెషీను తిరగాలి, కాంట్రాక్టరు చెబితే కాదు' అని రాసి గేట్లకి అంటించారు."

"సిలాసు ఏమన్నాడు?"

"నువ్వు చెప్పావని చెప్పాను. చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. తర్వాత, అక్క తిందా అని అడిగాడు." ఆనందకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన అడిగాడు కాబట్టి తెచ్చాను. నేను నిన్ను క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు. ఆ కన్ను మళ్ళీ రాదు కదా."

"రాదు," అన్నాను.

"కోర్టులో జడ్జి గదమాయించి అడుగుతాడు. సేఠ్ వకీలు నీ కూతురి పేరెత్తి బెదిరిస్తాడు. భయమేసి మాట మారుస్తావా?"

"భయం ఇప్పుడే వేస్తోంది," అన్నాను. "మార్చను."

ఆమె గిన్నె నా వైపు ఇంకొంచెం తోసింది.

"అయితే తిను. కోర్టు బయట మూడొందల మంది ఎండలో నిలబడ్డారు. నువ్వు లోపల నిలబడాలి."